ముల్లంగి ఆగది, అంగడి ఆగది

ముల్లంగి ఉడుకుతుంటే ముక్కు మూసుకునే తమ్ముళ్లకు ముందుగాల ఒక మాట. ఆ వాసన పాడైన గడ్డది కాదు. ముల్లంగిది ఆవాల కుటుంబం. కోసినా, తురిమినా లోపలి కణాలు చిట్లి గంధకం ఉన్న ఘాటు పుడుతది. ఆవాలు నూరితే ముక్కుకు ఎక్కేది సుత ఇసొంటిదే. జపానోళ్లు పొడుగు తెల్ల ముల్లంగిని డైకాన్ అంటరు, అంటే 'పెద్ద వేరు'. మన ముల్లంగికి దగ్గరి సుట్టమే.

ఇగ పంట సంగతి. గింజ ఏసిన 45 రోజులకు అటూ ఇటుగ గడ్డ చేతికొస్తది. ఇంత జల్ది పైస కండ్ల జూపించే పంటలు తక్కువ. కానీ దీనికి ఓపిక లేదు. వారం పది రోజులు ఎక్కువ ఉంచితే బెండు వడుతది, కొరికితే దూది నమిలినట్టే. ఎకరం ఒక్కపారే ఏసినోడు ఎకరం ఒక్కపారే పీకాలె, ఆ పొద్దు అంగట్ల ఎంతంటే అంతకే ఇయ్యాలె. మందులకంటే, ఎరువులకంటే ఇక్కడనే రైతు ఎక్కువ మునుగుతడు. అందుకే నేను చెప్పేది ఒక్కటే: జాగను ముక్కలు చేసి, పది రోజులకోపారి ఇంతింత ఏయున్రి.

చలికాలం దీనికి మంచిగుంటది. ఎండలకు తట్టుకునేటందుకు పూసా చేత్కి రకం ఉంది. నారు పోసి నాటొద్దు. బోదెల మీద నేరుగ గింజ పెట్టి, మొలిచినంక బెత్తెడు ఎడం ఉండేటట్టు పలుచగ చెయ్యాలె. పచ్చి పెంట ఏస్తే, రాళ్లుంటే గడ్డ రెండు కాళ్ల లెక్క చీలుతది. అసొంటిది ఎవ్వలూ కొనరు, రుచి మాత్రం అదే. నీళ్లు తక్కువైతే కారం ఎక్కువైతది.

పీకంగనే అమ్మేదుంటే ఆకుతోని కట్టలు కట్టున్రి. ఇంట్ల ఉంచుకునేదుంటే ఆకు కోసెయ్యాలె, లేకుంటే గడ్డల నీళ్లన్ని అదే గుంజుకుంటది. కోసినంక పారేసేరు! గడ్డల కంటే ఆకులనే కాల్షియం, విటమిన్ సి ఎక్కువ. పెసరపప్పుల ఏసి, ఎల్లిపాయ పోపు పెడితే పాలకూర పప్పు దీని ముందట దిగదుడుపే, నా నాలుకకైతే.

అమ్మంగ మిగిలిన గడ్డను ఏం చెయ్యాలె? జపాన్ల సన్నగ తరిగి ఎండబెట్టుకుంటరు, మనం కాకర వరుగులు చేసినట్టే. ఇంకోటి, గడ్డను వంగేదాక ఎండబెట్టి ఉప్పు, బియ్యపు తవుడుల ఊరేస్తరు, తకువాన్ అంటరు. తవుడు మన రైస్ మిల్లులల్ల ఎంతంటే అంత దొరుకుతది.