పల్లెలో నర్సమ్మ నిలవాలంటే

రాత్రీపగలూ కాన్పులు చేసే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ముగ్గురు స్టాఫ్ నర్సులు ఉండాలని 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ చెప్పింది. ముగ్గురంటే మూడు షిఫ్టులు. వారిలో ఒకరు బదిలీ అయినా, డిప్యుటేషన్ మీద ఏరియా ఆసుపత్రికి వెళ్లినా మిగిలిన ఇద్దరే అన్ని డ్యూటీలూ పంచుకోవాలి. మొదట వారపు సెలవు పోతుంది, తర్వాత నిద్ర కరువవుతుంది. కొన్నాళ్లకు వాళ్లూ బదిలీకి దరఖాస్తు పెట్టుకుంటారు. ఖాళీ వెనకే ఖాళీ.

జీతం పెంచితే ఉండిపోతారని చాలామంది అంటారు. పెంచాల్సిందే. కానీ ఏజెన్సీ మండలంలో రాత్రి డ్యూటీ చేసే ఆడమనిషికి గట్టి తలుపున్న క్వార్టర్స్, కుళాయిలో నీళ్లు, గేటు దగ్గర వాచ్‌మన్, పిల్లలకు చేరువలో బడి కూడా కావాలి. ఇంకొకటి ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. రక్తస్రావం ఆగని బాలింతను అర్ధరాత్రి తీసుకొస్తే, ఫోన్ ఎత్తి ఏం చేయాలో చెప్పే డాక్టరు, పిలిస్తే వచ్చే 108 ఉండాలి. లేకపోతే జరగరానిది జరిగినప్పుడు బంధువుల కోపమంతా నర్సు మీదే పడుతుంది. ఆ భయంతో ఎన్నేళ్లు పనిచేయగలరు?

2018లో ఆయుష్మాన్ భారత్ కింద నర్సింగ్ చదివినవారికి ఆరు నెలల శిక్షణ ఇచ్చి, ఉపకేంద్రాల్లో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లుగా నియమించడం మొదలైంది. మన ఆంధ్రలో వాళ్లను ఎంఎల్‌హెచ్‌పీలంటారు. బీపీ, షుగర్ మందుల కోసం పట్నం పోవాల్సిన ముసలివాళ్లకు ఇది పెద్ద ఊరట. అయితే వాళ్లను తీసుకున్నది కాంట్రాక్టు పద్ధతిలో. రెగ్యులర్ పోస్టుల నోటిఫికేషన్ కోసం, గల్ఫ్ వీసా కోసం ఎదురుచూసేవాళ్లను తప్పుపట్టలేం.

థాయ్‌లాండ్ దశాబ్దాలుగా వేరే దారిలో నడుస్తోంది. పల్లె జిల్లాల పిల్లలనే ఎంపిక చేసి, సొంత ప్రాంతానికి దగ్గర్లోని ప్రభుత్వ నర్సింగ్ కాలేజీల్లో చదివించి, తిరిగి వాళ్ల జిల్లాల్లోనే ఉద్యోగమిస్తుంది. 2010లోనూ, 2021లోనూ ప్రపంచ ఆరోగ్య సంస్థ పల్లె నేపథ్యమున్న విద్యార్థులకు సీట్లివ్వాలనే సూచించింది. ఛత్తీస్‌గఢ్ మరో పద్ధతిలో మారుమూల ప్రాంతాలను కష్టాన్ని బట్టి వర్గీకరించి, అక్కడ పనిచేసేవారికి అదనపు భత్యం ఇచ్చింది.

మనం ఆ రెండూ చేయవచ్చు. పాడేరు, రంపచోడవరం గిరిజన గురుకులాల్లో బైపీసీ చదివే ఆడపిల్లలకు దగ్గర్లోనే నర్సింగ్ సీటు, చదువయ్యాక సొంత డివిజన్‌లోనే రెగ్యులర్ పోస్టు, మారుమూల చోట అదనపు భత్యం ఇవ్వాలి. ఈలోగా మీ ఊళ్లో గ్రామసభ జరిగితే, ఆరోగ్య కేంద్రంలో నర్సు పోస్టులెన్ని, పనిచేస్తున్నది ఎందరు, వాళ్లుండే క్వార్టర్స్ ఎలా ఉన్నాయి అని లేచి అడగండి.