సిస్టం స్లో అయ్యిందా? కొత్తది కొనేముందు మూత తీసి చూడండి

"సిస్టం బాగా స్లో అయిపోయిందండీ, కొత్తది కొనేయమంటన్నారు." రావులపాలెంలో ఈ మాట నాతో వారానికి ఒకళ్ళైనా అంటారు. ఎవరన్నారయ్యా అంటే షాపాయన. ఎందుకన్నాడు అంటే, పాతబడింది గదండీ అంటారు. మనిషికి ముసలితనం వచ్చినట్టు కంప్యూటర్‌కీ వస్తదనుకుంటన్నారు జనం. రాదండి. లోపలున్న ప్రాసెసరు కొన్నరోజున సెకనుకి ఎన్ని లెక్కలు చెయ్యగలదో ఇవాళా అన్నే చెయ్యగలదు. మారింది ఇంకేదో. అదేంటో కనుక్కోకుండా నలభై వేలు అప్పు తేవడమేంటన్నదే నా గొడవ.

ఇదేదో షోకు సంగతి కాదు. 16,347 పోస్టుల మెగా డీఎస్సీ 2025 జూన్, జూలైల్లో జరిగిందా, పరీక్షంతా కంప్యూటర్ మీదే. బ్యాంకు పరీక్షలూ, రైల్వే పరీక్షలూ అంతే. ఇంట్లో మాక్ టెస్టులు రాసుకోడానికి పాత మిషనొకటి ఉంటే పిల్లలకి ఎంత ధైర్యమో! అది ఆన్ అవడానికే నాలుగు నిమిషాలు తింటంటే ఎవరైనా విసుగెత్తి మానేస్తారు. కొత్తది కొందామంటే, కౌలురైతు ఇంట్లో ఒక పంట మీద అంత మిగలద్దా?

డెల్టా వాళ్ళకి ఈ లెక్క తేలిగ్గానే అర్థమవుతది. ధవళేశ్వరంలో కాలవ నిండా నీళ్ళొదిలినా, మీ చేలోకెళ్ళే బోదె పూడుకుపోతే మడి తడవదు. కాలవని వెడల్పు చేస్తే ఏం లాభం? పూడికెక్కడుందో అక్కడ తియ్యాలి. కంప్యూటర్లోనూ ప్రాసెసరు, ర్యామ్, డిస్కు, లోపలి వేడి, మనం ఎక్కించుకున్న సాఫ్ట్‌వేరు, వీటిలో ఏది ఇరుకైతే మిగతావన్నీ దాని నడకే నడవాలి. ఆ ఇరుకేదో చూడ్డానికి షాపుకెళ్ళక్కర్లేదు. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తది. సీపీయూ, మెమరీ, డిస్క్ అని శాతాలు కనబడతాయి. సిస్టం బిగుసుకుపోయినప్పుడే చూడాలి. ఏది వందకి అంటుకుని దిగట్లేదో అదే దొంగ.

నేను మూత తీసిన పాత మిషన్లలో ఎక్కువసార్లు దొరికిన దొంగ హార్డ్ డిస్కు. అందులో అద్దంలాంటి పళ్ళేలు నిమిషానికి 5,400 సార్లో 7,200 సార్లో తిరుగుతుంటాయి. పైన ఒక చెయ్యి అటూ ఇటూ జరుగుతా ఫైలు ముక్కల్ని వెతుకుతది. ఆ చెయ్యి జరిగి, పళ్ళెం తిరిగి, కావాల్సిన ముక్క దాని కిందకొచ్చేసరికి ఇంచుమించు సెకనులో వందో వంతు పడతది. మనకది రెప్పపాటు కూడా కాదు. కానీ 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసరుకి ఆ కాసేపట్లో మూడు కోట్ల టిక్కులు గడిచిపోతాయి. అన్ని టిక్కులూ గోళ్ళు గిల్లుకుంటా కూర్చోడమే. విండోస్ లేవాలంటే ఇలాంటి ముక్కలు వేలల్లో కావాలి మరి.

మన అరటి మార్కెట్లో లారీ వచ్చి నిలబడింది, ఎగుమతి చేసే కూలీలు పదిమంది రెడీగా ఉన్నారు, గెలలు మాత్రం లంకలోంచి ఒకే ఒక్క సైకిలు మీదొస్తన్నాయి అనుకోండి. కూలీల్ని ఇరవైమందిని చేస్తే లారీ తొందరగా నిండుతదా? కొత్త ప్రాసెసరు కొనమనేవాళ్ళు చెప్పేది సరిగ్గా ఇదే.

మార్చాల్సింది సైకిల్ని. ఎస్‌ఎస్‌డీ అని ఉంటది, అందులో తిరిగే పళ్ళెం లేదు, జరిగే చెయ్యి లేదు, అంతా చిప్పులే. హార్డ్ డిస్కు సెకనుకి వంద ముక్కలు వెతికితే ఇది వేలల్లో తెచ్చిస్తది. పదేళ్ళ కిందటి మిషన్లలో చాలావాటికి సాటా ఎస్‌ఎస్‌డీ పాత డిస్కు చోట్లోనే సరిపోతది. ధర రోజుకోలా ఉంటది గానీ, కొత్త లాప్‌టాప్‌తో పోలిస్తే చిన్న మొత్తమే. మా వీధి చివర 2015లో కొన్న లాప్‌టాప్ ఒకటుంది. ఒక షాపాయన అది పనికిరాదు, వదిలేస్తే రెండు వేలిస్తానన్నాడంట. ఆ ఇంటి అమ్మాయి ఇవ్వకుండా నా దగ్గరికి తెచ్చింది. డిస్కు మార్చాం. నాలుగు నిమిషాల పని అర నిమిషంలోకొచ్చింది. పనికిరానిదాన్ని ఆయన రెండు వేలిచ్చి ఎందుకు కొంటానన్నాడో మీరే ఆలోచించుకోండి.

రెండో దొంగ ర్యామ్. ఇది పనిచేసుకునే అరుగులాంటిది. అరుగు నిండితే సామాన్లు గదిలో పెట్టి, మళ్ళీ కావాలంటే తెచ్చుకోవాలి. ఆ గదే డిస్కు. నాలుగు జీబీ ర్యామ్‌లో విండోసే సగం ఆక్రమించుకుంటది, పైన క్రోమ్‌లో పది ట్యాబులు తెరిస్తే ఇంకేం మిగులుతది? అందుకే కొందరికి డిస్కు వంద చూపిస్తది గానీ అసలు కొరత ర్యామ్‌ది. మెమరీ కూడా తొంభై దాటిందేమో చూడండి. ఎనిమిది జీబీ ఉంటే ఇంటి పనికి చాలు. ఒక్కటి, మీ విండోస్ 32 బిట్‌దైతే ఎంత ర్యామ్ వేసినా నాలుగు జీబీకి మించి వాడుకోలేదు. ముందది చూసుకునే డబ్బులు తియ్యండి.

వేడి సంగతి మనవాళ్ళు పట్టించుకోరు. మే నెలలో, రేకుల కప్పు కింద, లాప్‌టాప్ పరుపు మీద పెట్టి వాడితే గాలి కన్నాలు మూసుకుపోతాయి. ప్రాసెసరు కాలిపోకుండా తన వేగాన్ని తనే తగ్గించుకుంటది. మొదటి పావుగంట బాగుండి తర్వాత ఈడుస్తందంటే ముందు ఫ్యాను దుమ్ము దులిపించండి. లో ఓల్టేజీ వల్ల స్లో అవుతదని కొందరంటారు. అవ్వదండి, ఓల్టేజీ మరీ పడిపోతే ఆగిపోతది, అంతే.

ఇక రెండేసి యాంటీవైరస్‌లు, ఆన్ చెయ్యగానే లేచి కూర్చునే పదిహేను ప్రోగ్రాములు, పెన్‌డ్రైవులో ఊరంతా తిరిగొచ్చిన క్రాక్ సాఫ్ట్‌వేర్లు. ఫ్రీగా వచ్చిన క్రాక్‌లో మీకు తెలీకుండా మీ కరెంటుతో వేరేవాడి పని చేసిపెట్టే ప్రోగ్రాం ఉండొచ్చు. ఏమీ తెరవకపోయినా సీపీయూ వందలో ఉంటే అనుమానించాల్సింది దాన్నే.

నెట్టు వేరు, మిషను వేరు. 2022 మేలో అమలాపురం గొడవల తర్వాత కోనసీమలో పదిరోజులకు పైనే నెట్టు ఆపేశారు గుర్తుందా? స్లోగా లేచే సిస్టం ఆ రోజుల్లోనూ స్లోగానే లేచింది. పేజీ ఒక్కటే ఆలస్యంగా వస్తంటే నెట్టు. నోట్‌ప్యాడ్ తెరవడానికీ తన్నుకుంటంటే మిషను. దానికి ఇంకో కనెక్షన్ పెట్టించుకుంటే నెలనెలా బిల్లు పెరగడమే తప్ప ఒరిగేదేం లేదు.

కొత్తది కొనిపించడానికి ఇప్పుడు దొరికిన సాకు విండోస్ 10. 2015లో వచ్చిన దీనికి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్టు ఆపేసింది. ఆపినంత మాత్రాన సిస్టం స్లో అవ్వదు. కొత్తగా బయటపడే కన్నాలకి మాటు వెయ్యడం ఆగుద్ది, అది నిజంగా ప్రమాదమే. పేరు నమోదు చేసుకున్నవాళ్ళకి 2026 అక్టోబర్ దాకా ఆ మాట్లు పడతాయి. విండోస్ 11కి వెళ్దామంటే టీపీఎం 2.0 కావాలంటది, సుమారు 2017 తర్వాతి ప్రాసెసరే ఉండాలంటది. అంటే శుభ్రంగా పనిచేసే మిషన్లని కంపెనీ ఒక్క కలంపోటుతో చెత్త చేసేసింది. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

లినక్స్ ఉంది. పైసా ఇవ్వక్కర్లేదు. మింట్ అనేదాంట్లో ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం పాత మిషన్ల మీద తేలిగ్గా నడుస్తది, మాక్ టెస్టులు ఎలాగూ బ్రౌజర్లోనే రాస్తాం. స్వేచ్ఛ సంస్థవాళ్ళు తెలుగులోనే లినక్స్ తెచ్చారు. కేరళ సర్కారు బడుల్లో పిల్లలు ఏళ్ళ తరబడి లినక్స్ మీదే నేర్చుకుంటన్నారు. మనకి రాకపోడానికి కారణమేం లేదు. పెన్‌డ్రైవు మీంచే నడిపి చూసి, నచ్చితేనే ఎక్కించుకోవచ్చు.

డిస్కు మార్పించేటప్పుడు మాత్రం ఫొటోలూ, కాయితాలూ ముందే వేరేచోట కాపీ పెట్టుకోండి. పాత డిస్కు షాపులో వదిలి రావద్దు. మీ ఆధార్, మార్కుల లిస్టులు, పాస్‌బుక్ కాపీలు అన్నీ అందులోనే ఉంటాయి. అడిగి తెచ్చుకోండి. చిన్న డబ్బా ఒకటి కొని అందులో బిగిస్తే పెద్ద పెన్‌డ్రైవులా వాడుకోవచ్చు.