పేరు సీమది, ఆట సముద్రతీరమున

2025వ సంవత్సరము ఆగస్టు మాసమున జరిగిన ఆంధ్ర ప్రీమియర్ లీగు క్రికెట్టు పందెములలో తుంగభద్రా వారియర్సు అను జట్టు విజేతయైనది. అమరావతి జట్టు తుదిపోటీలో నోడినది. ఈ వార్త చదివి అనంతపురము, కర్నూలు మండలముల యువకులు సంతసించిరి, మేమును సంతసించితిమి. కాని యా సంతోషమున నొక వెలితి మిగిలిపోయినది. తుంగభద్ర పేరు దాల్చిన జట్టు తుంగభద్రాజలములు పాఱు నేలపై నొక్క బంతియైనను వేయలేదు. ఆ యేట లీగుపోటీలు విశాఖపట్టణముననే జరిగినవి. రాయలసీమ పేరిట వెలసిన మఱియొక జట్టును అచ్చటనే ఆడి, అచ్చటనే మూట గట్టుకొని పోయినది. అనంతపురమునుండి విశాఖకు సుమారు 800 కిలోమీటర్ల దూరము. తన జట్టును కన్నులార చూడగోరిన ధర్మవరపు నేతగాని కుమారుడుగాని, కల్యాణదుర్గపు రైతుబిడ్డగాని ఒక పగలు, ఒక రాత్రి ప్రయాణముచేసి, సముద్రము నొడ్డున బస చూచుకొని, మరల నంత ప్రయాణముచేసి యిల్లు చేరవలయును. దీనిని స్థానికజట్టని యే నిఘంటువు ననుసరించి పిలుచుచున్నారో నిర్వాహకులు సెలవియ్యవలయును.

తుంగభద్ర యను పేరు మా జిల్లా రైతునకు సామాన్యమైనది గాదు. ఎగువకాలువకు నీరు విడుతురో విడువరో యని తొలకరి మొదలు ఆకాశమును, ఇంజనీర్ల ప్రకటనలను మార్చి మార్చి చూచుకొనువా డతడు. 2024 ఆగస్టు 10వ తేది రాత్రి హోసపేట యానకట్టయొద్ద 19వ తలుపు గొలుసు తెగి కొట్టుకొనిపోయినపుడు ఈ జిల్లాలో నెన్ని యిండ్లవారికి నిదుర పట్టలేదో మే మెఱుగుదుము. అట్టి పేరును లీగువారు ఒక్క కలముపోటుతో నొక జట్టునకు దగిలించిరి. పేరు వచ్చినంత సులభముగా నీరును వచ్చునేని మా కీ వ్యాసము వ్రాయు తీఱికయే యుండెడిది గాదు. వేరుసెనగ కాయలు వలుచుకొనుచుందుము.

అంతకుముందు 2023లో ఈ లీగును గెలిచినది రాయలసీమ కింగ్సు. ఆ విజయమును విశాఖలోనే. 2025 నాటికి జట్ల పేళ్లు మాఱినవి, చేతులు మాఱినవి. రెండేండ్లు ఒక జట్టును తనదిగా భావించి, దాని గెలుపునకు టపాకాయలు కాల్చిన బాలునితో 'నీ జట్టు పోయినది, ఇదిగో క్రొత్తది' యని చెప్పుట సంతలో గొడ్డును మార్చినట్లున్నది. అభిమానము కొనుగోలు పత్రముతోపాటు బదిలీయగు వస్తువు గాదు.

ఈ తగవు నేటిది గాదు. 1937 నవంబరు 16వ తేదిని చెన్నపురియందు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి 'శ్రీబాగు' మందిరమున కోస్తా పెద్దలును సీమ పెద్దలును గూర్చుండి యొడంబడిక చేసికొనిరి. నదీజలముల విషయము, రాజధాని హైకోర్టుల విషయము అందు గలవని యెల్లర కెఱుకయే. పలువురు మఱచిన యంశ మొకటి గలదు. ఆంధ్రవిశ్వవిద్యాలయమునకు రెండు కేంద్రము లుండవలెననియు, అం దొకటి వాల్తేరునను మఱియొకటి అనంతపురమునను నెలకొనవలెననియు నా మహాశయులు నిర్ణయించిరి. వాల్తేరు, అనంతపురము! తొంబదియేండ్లు సమీపించిన పిమ్మట సరిగా నా రెండు పేళ్లనే మరల జంటగా నుచ్చరించుచున్నాము. నాడు విద్యకొఱకు, నేడు చెండుబిళ్లల యాటకొఱకు. శ్రీబాగునాటి పెద్దలు క్రికెట్టును దలచియుండరు గాని, వారు తలచిన న్యాయము మాత్ర మిదియే.

నిర్వాహకుల సమాధానము మే మెఱుగనిది గాదు. విశాఖయందు విశాలమైన క్రీడాంగణము కలదు, విమానములు కలవు, గొప్ప హోటళ్లు కలవు, రాత్రిని పగలుచేయు దీపస్తంభములు కలవు, టెలివిజనువారికి సౌకర్యము కలదు. ఏడు జట్ల నొక్క పట్టణమున నుంచిన వ్యయము తగ్గును. ఇందు వ్యయము మాట నిజము. ఒక్కచోట నుంచుటచే లెక్కలవానికి సుఖము. ఆ సుఖముకొఱకే జట్లకు ఊళ్లపేళ్లు పెట్టనక్కఱలేదు, అంకెలు వేసికొన్న జాలును. ఊరిపేరు పెట్టినపు డా ఊరికి ఋణపడితిరి.

అనంతపురమున పెద్దయాటలు సాగవను వాదమునకు 2024 సెప్టెంబరు మాసమే ప్రత్యుత్తరము. ఆ యేటి దులీపు ట్రోఫీలో మొదటి వరుసయందలి యొక యాట బెంగుళూరున జరుగగా, తక్కిన యాట లన్నియు అనంతపురమున గ్రామీణాభివృద్ధి సంస్థవారి మైదానములందు జరిగినవి. 1969లో విన్సెంటు ఫెర్రరుగారు ఈ కఱవునేలపై స్థాపించిన సంస్థ యది. శ్రేయస్ అయ్యరు, ఋతురాజ్ గైక్వాడు, అక్షర్ పటేలు, సంజూ శాంసను మున్నగువా రా పచ్చికపై నాడిరి. మొదటి వరుసలో మానవ్ సుతారు రెండవ యిన్నింగ్సున 49 పరుగులిచ్చి 7 వికెట్లు తీసెను. రెండవ వరుసలో మన ఆంధ్రుడు రికీ భుయి 113 పరుగులు చేసెను. అతని జట్టోడినను ఆ శతకము మా ఊరివారికి మిగిలిపోయినది. కప్పెవరిదో తేల్చిన కడపటి యాటలును సెప్టెంబరు 22వ తేదివఱకు ఇచ్చటనే జరిగినవి. చుట్టుప్రక్కల తాలూకాలనుండి జనులు బస్సులలో, ట్రాక్టర్లలో వచ్చిరి. ఐదు దినములుగాని నాలుగు దినములుగాని సాగు ఆటకు నగరములలో కుర్చీలు ఖాళీగా నుండుట నేటి యాచారము. ఇచ్చట గట్లు నిండినవి. విమానము మాటయా? దేవనహళ్లిలో దిగినవానిని 44వ జాతీయరహదారి తిన్నగా అనంతపురము చేర్చును. దేశమునకాడు క్రీడాకారులు వచ్చినచోటికి లీగుజట్లు రాజాలకపోవుట వింత. దీపములు చాలనిచో పగలే యాడవచ్చును. మా ప్రజలు ఎండకు వెఱచువారు గారు.

ఇంకొక విచిత్ర మున్నది. ఆగస్టు మాసము విశాఖతీరమున వానకాలము; వానచే ఆట ఆగు భయము అచ్చట నెప్పుడును గలదు. అనంతపురము పడమటి కనుమల వర్షచ్ఛాయలో నున్నది. సంవత్సరమంతయు గలిపి మాకు కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అదియు నధికభాగము సెప్టెంబరు అక్టోబరులలో. వేరుసెనగను ఎండగట్టు ఆ ఆకాశమే క్రికెట్టునకు వరము. కఱవువలన మాకు గలిగిన యేకైకలాభము నిది కాగా దానినిగూడ లీగువారు వినియోగింపరైరి.

ఐనను ఒక యాక్షేపణ మేమే తేవలసియున్నది, మఱియొకరు తేకమునుపే. పచ్చికకు నీరెక్కడిది? బోరు వెంబడి బోరు త్రవ్వించి, వెయ్యి యడుగులు దింపినను తడి కానరాక అప్పులపాలైన రైతులుండు జిల్లాలో, వినోదమునకై నీరు చల్లుట న్యాయమా యని యడుగువానికి మేము కోపముతో బదులు చెప్పము. వాని ప్రశ్న సరియైనది. ఆటల కమ్మిన టికెట్లరొక్కమునుండి, ప్రసారహక్కుల రొక్కమునుండి కొంత తీసి, పట్టణపు మురుగునీటిని శుద్ధిచేసి మైదానమునకు వాడు నేర్పాటు చేయవలయును. ఏటి కెంత నీరు వాడిరో గేటునొద్ద వ్రాసి పెట్టవలయును. అది చేయక భూగర్భజలమును తోడి యాడుదుమన్నచో మేమే మొదట వలదందుము.

మా జిల్లాలో క్రీడాకారులు లేరను మాట యిక నెవరును అనజాలరు. నార్పల మండలమున బండ్లపల్లి యను నూరు గలదు. 2006 ఫిబ్రవరి 2వ తేదిని అప్పటి ప్రధాని మన్మోహనసింగుగారు జాతీయగ్రామీణ ఉపాధిహామీ పథకమును ప్రారంభించిన గ్రామ మది. అనగా దేశమున కఱవుకూలికి చిరునామాగా నెన్నికైన గ్రామము. ఆ బండ్లపల్లి పిల్ల బారెడ్డి అనూష, ఎడమచేతి స్పిన్నరు, అనంతపురపు అకాడమీలో నేర్చి 2023 జూలైలో బంగ్లాదేశమున భారతమహిళాజట్టు తరపున ఇరువది ఓవర్ల పోటీలలో నాడినది. అదే సంవత్సరము మహిళా ప్రీమియర్ లీగు ఐదు జట్లతో మొదలైనది. ఆ యైదింటిలో తెలుగుదేశమున కొక్కటియు లేదు. ముంబయి, ఢిల్లీ, బెంగుళూరు, గుజరాతు, ఉత్తరప్రదేశములవారు డబ్బు పెట్టిరి. మన ధనవంతులు అప్పు డే కల్యాణమంటపమున నుండిరో!

ఇక రాష్ట్రజట్టు సంగతి. ఇది మాకు లీగుకంటె బాధాకరమైనది, ఏలయన లీగు వినోదము, రంజీజట్టు గౌరవము. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడిన సంవత్సరముననే ఆంధ్ర క్రికెట్టు సంఘమును ఏర్పడెను. భారతదేశపు తొలి టెస్టు నాయకుడు కొఠారి కనకయ్య నాయుడుగారు దాదాపు అఱువదియేండ్ల ప్రాయమున ఆంధ్రజట్టున నాడిరి. అప్పటినుండి మన మొక్కసారియు రంజీకప్పు గెలువలేదు. 2024 ఫిబ్రవరిలో ఇందూరున క్వార్టరు ఫైనలుపోటీలో మధ్యప్రదేశముపై గెలుపునకు 170 పరుగులు కావలసియుండ, 165కు జట్టంతయు వెడలిపోయినది. నాలుగు పరుగుల యోటమి! ఆ దుఃఖ మింకను చల్లాఱకముందే, పూర్వనాయకుడు హనుమ విహారి తన మనస్సును బహిరంగపఱచెను. బెంగాలుతో జరిగిన తొలియాటలో తాను పదునేడవ క్రీడాకారుని మందలించితిననియు, ఆ యువకుడు రాజకీయనాయకుడైన తన తండ్రితో చెప్పగా, సంఘమువారు తన్ను నాయకత్వము విడువుమనిరనియు, ఇక ఆంధ్రకు ఆడననియు నతని యారోపణ. తనకు మద్దతుగా సహక్రీడాకారులు సంతకములు చేసిన లేఖనుగూడ ప్రకటించెను. ఆ యువకుడు ఆరోపణ లసత్యములనెను. విచారింతుమని సంఘమువారు చెప్పిరి.

వారిద్దఱిలో నెవరిది తప్పో మేము తీర్పు చెప్పము. ఆ గదిలో మేము లేము. మా యభియోగము వేఱు. నాయకుని మార్చుట సంఘమునకు గల హక్కు. కాని మార్చిన కారణమును ప్రజలయెదుట పెట్టుట దాని విధి. ఆ కారణము జనవరిలోనే వ్రాతమూలకముగ బయటపెట్టియుండినచో, ఫిబ్రవరిలో ఈ రచ్చ జరిగియుండునా? విహారి యెట్టివాడో లోకమెఱుగును. 2021 జనవరిలో సిడ్నీనగరమున తొడకండరము చెడిపోయినను 161 బంతులెదుర్కొని 23 పరుగులతో నిలిచి టెస్టును కాపాడినాడు. 2023 క్వార్టరు ఫైనలున మణికట్టు విఱుగగా ఎడమచేతివాటమున నిలువబడి ఒంటిచేత బంతిని కొట్టినాడు. అట్టివాడు కోపిష్ఠి కావచ్చును, కోపము దోషమే. దోషమున్నచో శిక్షింపుడు, కాని తెరచాటున గాదు.

తరువాతి కథ మఱింత విచారకరము. 2024 జూనున రాష్ట్రమున ప్రభుత్వము మాఱినది. ఆగస్టున సంఘపు పాలకవర్గము రాజీనామా నిచ్చినది. సెప్టెంబరున పార్లమెంటు సభ్యుడు కేశినేని శివనాథుగారు అధ్యక్షులైరి. విహారి మంత్రి లోకేశుగారిని గలిసికొని ఆంధ్రకు మరల ఆడెను. మంచిదే. కాని పాఠకులు గమనింపుడు: సాగనంపినపుడును రాజకీయమే కారణమనిరి, పిలిచినపుడును రాజకీయమే ద్వారమైనది. బంతి బ్యాటు మధ్య నుండవలసిన తగవు సెక్రటేరియటు మెట్లెక్కినది. ఆ మెట్లపై దొరకిన న్యాయ మెంతకాలము నిలుచును? 2025లో విహారి ఆంధ్రను వీడి త్రిపురకు వెడలిపోయినాడు. ఎన్నికలలో నే పక్షమువారు గెలిచినను సంఘములో ఆ పక్షమువారే కుర్చీలెక్కు నాచారము ఆగనంతవఱకు మన కుఱ్ఱలు గురువు మాట కంటె నాయకుని యింటి గుమ్మమునే నమ్ముకొందురు.

హైదరాబాదు జట్టునుగూర్చి కొలదిమాటలు చాలును. 1953లో మదరాసునుండి వేరుపడుటకు పొట్టి శ్రీరాములుగారు ప్రాణములర్పింపవలసివచ్చెను. 2012లో దక్కను ఛార్జర్సు యజమానులు దివాలా యెత్తగా, హైదరాబాదు జట్టు మదరాసు సన్ టీవీవారి వశమైనది. కొన్నవానిని మేము నిందింపము. అమ్ముడుపోవునపుడు మనవారు కొనలేదు. కాని ఊరిపేరు వాడుకొనువారు ఊరి బిడ్డలను గుర్తింపవలదా? మహమ్మద్ సిరాజును 2017లో ఆడించి వదలుకొనిరి, బెంగుళూరువారు తీర్చిదిద్దుకొనిరి. తిలక్ వర్మను ముంబయివా రెగురవేసికొనిపోయిరి. అంబటి రాయుడు ఆ రంగుచొక్కా తొడుగనేలేదు. 2016లో కప్పు తెచ్చిన వార్నరును 2021లో నడిమధ్య నాయకత్వమునుండి దింపి, పిమ్మట జట్టులోనే చోటీయకపోవుట మర్యాద యనిపించుకొనదు. ఒక్క మంచి చెప్పవలయును: విశాఖ కుఱ్ఱవాడు నితీశ్ కుమార్ రెడ్డిని పట్టి నిలిపిరి, అతడు 2024 డిసెంబరున మెల్‌బోర్నులో టెస్టు శతకము చేసి తండ్రిచేత కన్నీరు పెట్టించినాడు. ఐనను 2025 మార్చి 30వ తేదిని విశాఖలో జరిగిన దృశ్యము మఱువరానిది. ఆ నగరమును ఢిల్లీ జట్టు రెండవ యిల్లుగా జేసికొనగా, హైదరాబాదువారు తెలుగునగరమునకు అతిథులై వచ్చి యోడిపోయిరి.

రాబోవు ఋతువునకు లీగుపట్టిక ఇంక వ్రాయవలసియేయుండును. అందు సీమపేళ్లుగల జట్ల ఆటలలో సగమైనను అనంతపురమునను, కడపయందును జరుపుడని మేము ఆంధ్ర క్రికెట్టు సంఘమువారిని కోరుచున్నాము. రంజీ ఆటలలో నేటి కొకటి తప్పక ఇచ్చట నుండవలయును. పాఠశాలబాలురకు టికెట్టు పెట్టరాదు. మన భూస్వాములును వర్తకులును ఏటేట జాతరలలో ఎడ్లపందెములకు వెండికడియము లిచ్చుచున్నారు. బండ్లపల్లివంటి గ్రామములలో చెండు విసరు ఆడపిల్లకు బూట్లు కొనిచ్చుట వారికి భారము గాదు. ఈ కోరికలకు కార్యదర్శిగారి ప్రత్యుత్తరము వచ్చినచో, అనుకూలమైనను ప్రతికూలమైనను, దానిని మార్పులేక ఈ పుటయందే ప్రకటింతుము.