ఇరుసు నూనె కారితే తప్పంతా సీలుదేనా?

పాత ట్రాక్టరు వెనక చక్రం లోపలివైపు నల్లటి జిడ్డు కనబడగానే అందరూ అనే మాట ఒకటే: "సీలు పోయింది, మార్చేద్దాం." మారుస్తారు. మరో సీజను రాకుండానే మళ్లీ కారుతుంది. అప్పుడు మెకానిక్కునో, సీలు అమ్మిన కొట్టువాడినో తిట్టుకుంటారు. నిజానికి సీలు తనంతట తాను పాడైపోవడం తక్కువ. దాన్ని పాడుచేసిందేమిటో తేల్చుకోకుండా కొత్తది బిగిస్తే డబ్బు దండగ.

ఒడిశా తీరంలోని రామయ్యపట్నం లాంటి చోట ఆ కారణాలు కళ్లెదుటే ఉంటాయి. ఒకపక్క సముద్రం, మరోపక్క గంజాం జిల్లా వరిమళ్లు. దమ్ము చేసేటప్పుడు బండి బురదలో దిగబడి తిరుగుతుంది. ఆ బురద సీలు అంచున చేరి, షాఫ్టు తిరిగినప్పుడల్లా ఆకురాయిలా అరగదీస్తుంది. ఒడ్డున నిలిపిన బండికి ఉప్పుగాలి తుప్పు ఉండనే ఉంది. 2013 అక్టోబరులో గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్, 2018 అక్టోబరులో పలాస దగ్గర తిత్లీ తీరం దాటాయి. అలాంటి తుపాన్లప్పుడు వరదనీట నిలిచిన బండిలోకి గాలి పోయే దారైన బ్రీదరు గుండా నీళ్లు దిగవచ్చు. నీరు అడుగున చేరితే నూనె మట్టం పెరిగి సీళ్ల మీదికి వస్తుంది.

అందుకే స్పానరు పట్టేముందు మూడు సంగతులు చూడాలి. ఒకటి బ్రీదరు. నూనె వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోయే చిన్న దారి అది. మట్టితోనో, కందిరీగ గూడుతోనో అది మూసుకుపోతే లోపలి ఒత్తిడి బలహీనమైన చోటునుంచి నూనెను నెడుతుంది. కొన్నిసార్లు దాన్ని విప్పి డీజిలుతో కడిగితే చాలు, కారడం ఆగిపోతుంది. రెండోది మట్టం. బండిని సమమైన నేలమీద నిలిపి డిప్‌స్టిక్ చూడండి. నూనె గుర్తుకు పైన ఉన్నా, పాలలా తెల్లబడినా నీళ్లు చేరాయేమోనని అనుమానించాలి. రాత్రంతా కదలకుండా ఉన్న బండికి పొద్దున్నే డ్రెయిన్ ప్లగ్గు కాస్త వదులు చేస్తే ముందు నీళ్లే వస్తాయి.

మూడోది, కారుతున్నది అసలు ఎక్కడ? నూనె పైనుంచి కిందికి జారుతుంది కాబట్టి లిఫ్టు చేతుల షాఫ్టు దగ్గర కారినదీ ఇరుసు గొట్టం మీదే కనబడుతుంది. మొత్తం డీజిలుతో కడిగి, బాగా ఆరనిచ్చి, ముఖానికి రాసుకునే పౌడరు చల్లి, ఓ గంట నడిపి చూడండి. మొదట తడిసిన చోటే మూలం. గొట్టం, నడిమి పెట్టె కలిసే చోట తడిస్తే బోల్టులు వదులై ఉండవచ్చు, గాస్కెట్ పోయి ఉండవచ్చు. చక్రం వైపు తడిస్తే సీలు సంగతి.

అప్పుడైనా మొదట ఆ వెనక చక్రాన్ని ఎత్తి, పైనా కిందా పట్టుకుని ఊపి చూడాలి. ఆట ఉంటే బేరింగు అరిగింది. ఊగే షాఫ్టు మీద ఏ కంపెనీ సీలూ నిలవదు.

విప్పడంలో అసలు ప్రమాదం బరువుది. పట్టుకోసం టైర్లలో నీళ్లు నింపి ఉంటే చక్రాన్ని ఒక్కడు పట్టలేడు. ముందు చక్రాలకు అడ్డం పెట్టి, జాకీ కాక ఇరుసు గొట్టం కింద గట్టి దుంగో స్టాండో ఉంచాలి. ఇటుకలు పనికిరావు, బరువుకి పగిలిపోతాయి. పాత సీలు మీద అచ్చు వేసిన కొలతలతోపాటు షాఫ్టు కొలత కూడా రాసుకుని బరంపురం వెళ్లండి. ఇదివరకు ఎవరో తప్పు సైజు వేసి ఉండే అవకాశం లేకపోలేదు. సీలు కూర్చునే చోట షాఫ్టు మీద గాడి గోరుకి తగిలితే లేత్ షాపులో స్లీవు వేయించాలి. కొత్త సీలులో స్ప్రింగున్న ముఖం నూనె వైపు ఉండాలి. అంచుకు నూనె పూసి, షాఫ్టు పళ్లకు టేపు చుట్టి, సరిపోయే గుండ్రటి గొట్టంతో చుట్టూ సమంగా తట్టాలి. ఒకవైపే సుత్తితో కొడితే వంకర పోతుంది.

బ్రేకు డ్రమ్ము చక్రం దగ్గరే ఉండే బండ్లలో లైనింగుకు నూనె అంటితే పెట్రోలుతో తుడిచి తిరిగి వేయకండి. పీల్చుకున్న నూనె వేడికి మళ్లీ పైకి వస్తుంది. ఒకవైపు బ్రేకు పట్టక, రోడ్డు మీద బండి పక్కకు లాగుతుంది. లైనింగు మార్చాల్సిందే.

కారడం తగ్గుతుందని చిక్కటి గేర్ ఆయిల్ పోసే అలవాటు ఉంది. నాకది నచ్చదు. గేర్లకూ లిఫ్టుకూ ఒకే నూనె వాడే బండ్లలో చిక్కటి నూనెతో లిఫ్టు పంపు ఇబ్బంది పడుతుంది. కంపెనీ పుస్తకంలో చెప్పిన నూనే పోసి, మొదటి రోజు పని ముగిశాక మట్టం, చక్రం బోల్టులు మరోసారి చూసుకోండి. దమ్ముల కాలమైతే సాయంత్రం ఇరుసు చివర అంటుకున్న బురదను ఎండకముందే కడిగేయాలి.