ముందు నీటికి దారి... తర్వాతే డంపరుకు!

నాలుగు చినుకులు గట్టిగా పడితే చాలు, తిరువూరు చుట్టుపక్కల ఆడవాళ్లకు బెంగ మొదలవుతుంది. కట్టలేరు పొంగిందా, బస్సు వస్తుందా, కాలేజీకి వెళ్లిన పిల్ల ఇల్లు చేరుతుందా అని. అదే వాన పెనుబల్లి దాటి సత్తుపల్లి బొగ్గు గనుల మీదా కురుస్తుంది. అక్కడి సింగరేణి ఓపెన్‌కాస్టుల్లో రోడ్లు బురదై డంపర్లు ఆగిపోయాయన్న వార్త వానాకాలంలో చదువుతూనే ఉంటాం. మరి గనిలో రోడ్డు ఎలా వేస్తారు? నీళ్లు ఎటు పంపిస్తారు?

డంపరంటే మన వీధిలో ఇసుక దింపే టిప్పరు కాదు. 100 టన్నులు మోసేవీ ఉంటాయి. ఎదురెదురుగా వచ్చే రెండు బండ్లు తప్పుకోవాలంటే రోడ్డు వెడల్పు, బండి వెడల్పుకు మూడు రెట్లయినా ఉండాలి. 16 మీటర్లు ముందుకు వెళితే ఒక మీటరు ఎక్కేంత వాలు చాలు. అంతకు మించితే నిండు లోడుతో దిగేటప్పుడు బ్రేకులకు పరీక్షే. అంచున టైరు ఎత్తును బట్టి మట్టికట్ట పోస్తారు. ఇంతా చేసి రోడ్డు మీద నీళ్లు నిలిచాయో, టైరు జారుతుంది, అంచు మెత్తబడి కుంగుతుంది. స్టీరింగు దగ్గర కూర్చున్నది ఎవరి కొడుకో, ఎవరి భర్తో!

అందుకే ఇంజినీరు ముందు మ్యాపులో నేల వాలు చూస్తారు. బయటి వాననీరు గనిలోకి దిగకుండా చుట్టూ దండలా కాలువ తవ్విస్తారు. పేరు కూడా గార్లాండ్ డ్రెయినే. లోపల పడిన నీటిని అడుగున సంపులోకి మళ్లించి మోటార్లతో తోడేస్తారు. రోడ్డు నడుమ కాస్త ఎత్తుగా, పక్కన కాలువలు. వాగు రోడ్డును దాటే చోట తూము, అదే కల్వర్టు.

ఆ తూము ఎంత ఉండాలి? ఇదేం బ్రహ్మవిద్య కాదు. ఉదాహరణకు 20 హెక్టార్ల నేల మీద గంటకు 60 మిల్లీమీటర్ల వాన పడి, పదింట ఆరు వంతులు ఇంకకుండా పారిందనుకోండి. సెకనుకు 2 వేల లీటర్లు! మేడ మీది వెయ్యి లీటర్ల ట్యాంకులు రెండు, ప్రతి సెకనూ గుమ్మరించినట్టు. మీటరు వ్యాసం పైపు ఒకటి నిండా పారితేగానీ ఆ నీరు పోదు. చెత్త అడ్డుపడితే? అందుకే పక్కన రెండోది. మీటరు కంటే సన్నగా వేస్తే మనిషి దూరి పూడిక తీయలేడు. పైన మట్టి చాలినంత లేకపోతే డంపరు బరువుకు పైపు పగులుతుంది.

చిన్న పైపుతో సరిపెడితే మిగిలేది కాస్త డబ్బే. నష్టపోయేది దిగువన పొలాలున్నవాళ్లు. కట్ట తెగితే మట్టి, బొగ్గుపొడి నాట్లేసిన మడిలోకే వస్తాయి. గని నీటిని వాగులోకి వదిలేముందు మట్టి తేరుకునే చెరువులో ఆపడం ఇందుకే.

ఇందులో ఆడవాళ్లకేం పని అంటారా? 1952 నాటి గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలోకి దిగనివ్వలేదు. పైన కూడా ఉదయం 6 నుంచి రాత్రి 7 వరకే. 2019లో కేంద్రం దాన్ని సడలించింది. రాతపూర్వకంగా సమ్మతిస్తే ఓపెన్‌కాస్టులో రాత్రి షిఫ్టూ చేయొచ్చు. సర్వేయింగు, హైడ్రాలజీ పేపర్లు పాసైతే చాలనుకునే సివిల్ అమ్మాయిలూ, వింటున్నారా? తూము సరిగ్గా పారుతోందో లేదో తెలిసేది జోరువానలోనే. అది చాలాసార్లు రాత్రిపూటే పడుతుంది.