వార్తల్లో పదం: పుప్పొడి ప్రవాహం

జన్యుమార్పిడి పంట పుప్పొడి పక్క చేలోని పువ్వును చేరి, దాని గింజలోకి కొత్త జన్యువును చేర్చడమే పుప్పొడి ప్రవాహం. అమరావతి చుట్టుపక్కల గుంటూరు, ప్రకాశం నల్లరేగళ్లలో ఈ మాట వినిపించేది పత్తి గురించే. కాయతొలిచే పురుగును తట్టుకునేలా చేసిన బీటీ పత్తికి మన దేశం 2002లో అనుమతి ఇచ్చింది. కలుపు మందును తట్టుకునే హెచ్‌టీ పత్తికి మాత్రం అనుమతి లేదు. అయినా 2017లో ఆంధ్రప్రదేశ్ సహా పలు రాష్ట్రాల్లో దాని సాగు బయటపడటంతో కేంద్రం విచారణ కమిటీ వేసింది.

పత్తి పుప్పొడి బరువైనది, జిగట. గాలికి అంతగా ఎగరదు, ఎక్కువగా తేనెటీగలే మోస్తాయి. ఎక్కువ పువ్వులు సొంత పుప్పొడితోనే కాయ కడతాయి. దూరం పెరిగేకొద్దీ కలయిక తగ్గుతుంది. విత్తన క్షేత్రాలకు వేర్పాటు దూరం పెట్టేది అందుకే. పక్కన మిరప ఉన్నా భయం లేదు. అది వేరే కుటుంబం. 52 క్రోమోజోముల అమెరికన్ పత్తి, 26 ఉన్న దేశవాళీ పత్తితో కలవడమూ కష్టమే.

మరి నిఘా ఎలా? పొలం గట్టు నుంచి వేర్వేరు దూరాల్లో గింజలు సేకరించి పరీక్షిస్తారు. ఆకు లేదా గింజ రసంలో ముంచిన పట్టీపై పరీక్ష గీత పడితే బీటీ ప్రొటీన్ ఉన్నట్టు. పీసీఆర్ పరీక్ష జన్యువునే పట్టేస్తుంది. ఇలాంటి పరీక్షలతోనే మెక్సికో అడవి పత్తిలోనూ జన్యుమార్పిడి పత్తి జన్యువులున్నట్టు 2011లో తేలింది.

తేనెటీగ ఎగిరేది పరిమిత దూరమే. కానీ అనుమతి లేని విత్తన ప్యాకెట్ రాష్ట్రాలు దాటుతుంది. కాబట్టి నిఘా చేలోనే కాదు, విత్తన దుకాణంలోనూ ఉండాలి.