పాత కారు, ట్రాక్టర్ కొనేముందు: స్కానింగ్ రిపోర్టు ఏం చెబుతుంది, ఏం చెప్పదు?

పంట డబ్బు చేతికి రాగానే పాత కారో, ట్రాక్టరో కొందామనుకునే రైతులు ఈమధ్య ఫోన్‌లో ఒక రిపోర్టు తెచ్చి చూపిస్తున్నారు. "సార్, కంప్యూటరే స్కాన్ చేసి బాగుందని చెప్పింది, అడ్వాన్స్ ఇచ్చేయమంటారా?" అని అడుగుతున్నారు. ఆ రిపోర్టు అబద్ధమని నేను అనను. కానీ అది బండి పైభాగం గురించి మాత్రమే చెబుతుంది.

ఇది పనిచేసే తీరు తేలికే. బండి చుట్టూ ఫోన్‌తో వరుసగా ఫొటోలు తీస్తారు, లేదా కెమెరాలు బిగించిన గేటు గుండా బండిని నడుపుతారు. సొట్టలు, గీతలు, పగుళ్లు ఉన్న వేలాది ఫొటోలు చూపి నేర్పించిన కంప్యూటర్, ఈ ఫొటోల్లో అలాంటివి ఎక్కడున్నాయో గుర్తు పెడుతుంది. ఇజ్రాయెల్‌కు చెందిన యూవీఐ కంపెనీ ఇలాంటి యంత్రాన్ని మొదట బండి కింద బాంబులు దాచారేమో చూడటానికి తయారు చేసింది. తర్వాత అది పాత కార్ల వ్యాపారంలోకి వచ్చింది. బండి మీద దుమ్ము, తడి ఉంటే కెమెరా పొరబడుతుంది. కాబట్టి కడిగి, ఆరిన తర్వాతే ఫొటోలు తీయించండి.

సొట్టను పుట్టీతో పూడ్చి రంగు వేస్తే ఫొటోలో దొరక్కపోవచ్చు. దీనికి రంగు మందం కొలిచే మీటరు వాడతారు. కంపెనీ రంగు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. ఒక్కచోట 500 దాటితే అక్కడ పుట్టీ ఉందనే అనుకోవాలి. మీటరు లేకపోతే చిన్న అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి ఆనించండి. పుట్టీ మందంగా ఉన్నచోట సరిగా అంటుకోదు. ప్లాస్టిక్ బంపర్ల మీద ఈ కిటుకు పనిచేయదు.

నీట మునిగిన బండి సంగతి ఇంకా కష్టం. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో విజయవాడలో ఎన్నో బండ్లు మునిగాయి. అలాంటివి పైకి మెరుస్తూనే ఉంటాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి బురద గీత ఉందేమో చూడండి. కాళ్ల దగ్గర మ్యాట్ ఎత్తి వాసన చూడండి.

కార్లలో స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కు మెకానిక్ ఇంకో రకం స్కానర్ తగిలిస్తాడు. అది ఇంజన్ లోపాల కోడ్లు చూపిస్తుంది. అమ్మేముందు ఆ కోడ్లు చెరిపేసే వీలుంది. అందుకే బండిని కొంతదూరం నడిపాక మరోసారి స్కాన్ చేయించండి.

ట్రాక్టర్ దగ్గరికి వస్తే మన చిన్న రైతులు కొనే పాత బండ్లలో చాలావాటికి అసలు ఆ సాకెట్టే ఉండదు. 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి కొత్త కాలుష్య నిబంధనలు వచ్చాక, ఆ పెద్ద బండ్లలోనే కంప్యూటర్‌తో నడిచే ఇంజన్లు ఎక్కువయ్యాయి. మిగతావాటికి మన కళ్లు, చెవులే స్కానర్. ఉదయం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి. "ముందే స్టార్ట్ చేసి ఉంచాను" అంటే చల్లారేదాకా ఆగండి. వేడెక్కాక కూడా నీలిపొగ ఆగకపోతే ఆయిల్ కాలుతోందని అర్థం. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మీగడలా తెల్లగా ఉంటే అందులో నీళ్లు కలిశాయి. కల్టివేటర్ తగిలించి పైకెత్తి, ఇంజన్ ఆపి చూడండి. వెంటనే కిందికి జారుతుంటే హైడ్రాలిక్ పని ఉంది. ఆ సమయంలో దాని కింద కాలూ చెయ్యీ పెట్టకండి. గంటల మీటరును మాత్రం నేను పెద్దగా నమ్మను, దాన్ని మార్చడం కష్టమేమీ కాదు. క్లచ్, బ్రేకు పెడళ్ల అరుగుదల చూస్తే బండి ఎంత పనిచేసిందో తెలుస్తుంది.

వెంట మీ ఊరి మెకానిక్‌ను తీసుకెళ్లండి. అతనికిచ్చే కూలి, తర్వాత ఇంజన్ విప్పడానికయ్యే ఖర్చు ముందు లెక్కలోది కాదు.

కాగితాలను ఏ కెమెరా చూడదు. ఛాసిస్ నంబరును ఆర్‌సీతో పోల్చుకోండి. ఆర్‌సీలో ఫైనాన్స్ ఉన్నట్టు నమోదై ఉంటే, బ్యాంకు ఇచ్చే ఫారం 35, నో డ్యూస్ లెటరు చేతికి వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వవద్దు. బండి పేరు మారడానికి ఫారం 29, 30 మీద అమ్మేవారి సంతకాలు అదే రోజు తీసుకోండి.